సెయింట్ పాల్ చలికాలం, అత్తయ్య పెసరకట్టు

2019 జనవరి 30. ఆ రోజు పొద్దున్న మా సెయింట్ పాల్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్. మన ఇండియా లెక్కలో మైనస్ 33 డిగ్రీలు. గాలితో కలిపి ఒంటికి తగిలే చలి మైనస్ 50 ఫారెన్‌హీట్ దాటిందని టీవీలో చెబుతున్నారు. మిన్నెసోటా వాళ్ళకి మంచు కొత్త కాదు కాబట్టి స్కూళ్ళు అంత తేలిగ్గా మూయరు. ఆ రోజు మూసేశారు. ఎంత మంచు పడినా వచ్చే పోస్టువాళ్ళు కూడా రాష్ట్రమంతటా ఉత్తరాలు పంచడం ఆపేశారు.

నాకు మాత్రం ఆ రోజు గుర్తుండిపోయింది అత్తయ్య కంచం వల్ల. ముద్దపప్పు, బెండకాయ వేపుడు, చారు, పెరుగు అన్నీ వడ్డించాను. ఆవిడ పప్పన్నం రెండు ముద్దలు కలిపారు. ఒకటి తిన్నారు. రెండోది కంచంలో అటూ ఇటూ జరిపి, "చాలమ్మా, ఆకలి లేదు" అని లేచి చెయ్యి కడుక్కున్నారు. అప్పటికి వరసగా పది రోజులుగా అదే మాట.

మీలో చాలామందికి ఈ మాట తెలిసే ఉంటుంది. అమ్మో, అత్తగారో మొదటిసారి చలిదేశానికి వస్తారు. మొదటి మంచుకి ఫోటోలు దిగుతారు. రెండో నెలకి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మూడో నెలకి "ఆకలి లేదు" మొదలవుతుంది. మా ఇంట్లో అది ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెబుతాను. అందులో మా ఊరి పాత్ర కూడా చాలా ఉంది.

అత్తయ్యది భీమవరం దగ్గర పల్లె. అంతకుముందు ఏడాది శ్రావణంలో మావయ్యగారు పోయారు. ఏడాది దాటాక, ఆవిడ ఒక్కరే అంత ఇంట్లో ఉండటం ఎందుకని మా ఆయన నవంబరులో తీసుకొచ్చారు. నవంబరు మంచి నెల కాదని నాకు తెలుసు. కానీ టికెట్టు, సెలవు అప్పుడే కుదిరాయి.

వచ్చిన కొత్తలో బాగానే ఉన్నారు. మనవడికి కథలు చెప్పేవారు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది. "ఇదేం సాయంత్రమమ్మా, దీపం పెట్టే టైము కూడా ఇవ్వదు" అని నవ్వారు మొదట్లో. తర్వాత నవ్వడం మానేశారు. జనవరి వచ్చేసరికి గాజులు చేతి మీద జారడం నేను చూశాను. చూసీ, ఆ మాట మా ఆయనతో వెంటనే అనలేదు.

ఎందుకు అనలేదో నిజం చెప్పుకోవాలి. నాకు కోపం వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి, బూట్ల మంచు దులిపి, వేడివేడిగా వడ్డిస్తే ముట్టుకోరేమిటి? నా వంట నచ్చలేదా? పప్పులో ఉప్పు చాలలేదా? ఫోన్లో ఆడపడుచుతో ఏమంటున్నారో? ఒక పూట ఉల్లిపాయ పులుసు, ఒక పూట కోడికూర, ఒక పూట గారెలు. ఎంత ఎక్కువ చేస్తే అంత తక్కువ తిన్నారు. నేను కంచం నిండుగా పెట్టడం, ఆవిడ మిగల్చడం, ఇద్దరం ఏమీ అనుకోకపోవడం. అనుకోకపోవడమే బరువుగా ఉండేది.

పక్కింటావిడ పుట్టి పెరిగింది మిన్నెసోటాలోనే. సంగతి తెలిసి ఒక గిన్నెతో సూపు తెచ్చి ఇచ్చింది. ఈ రాష్ట్రంలో చలికాలం సూపు అంటే వైల్డ్ రైస్ సూపే. పేరులో రైస్ ఉన్నా అది మన వరి కాదు. చెరువుల్లో, నెమ్మదిగా పారే నీళ్ళలో పెరిగే ఒక గడ్డి గింజ. పొడుగ్గా, నల్లగా, సూదుల్లా ఉంటుంది. ఇక్కడి ఆదివాసులు ఓజిబ్వే వాళ్ళు దాన్ని మనూమిన్ అంటారు. వాళ్ళకది తిండి మాత్రమే కాదు, పవిత్రమైన గింజ. వేసవి చివర్లో చిన్న పడవల్లో వెళ్ళి, ఒకరు పడవ నడుపుతుంటే ఇంకొకరు రెండు కర్రలతో కంకుల్ని పడవలోకి వంచి, మెల్లగా తట్టి గింజలు రాలుస్తారు. తర్వాత వాటిని వేయించి, పొట్టు తీసి దాచుకుంటారు. 1977లో మిన్నెసోటా దాన్ని తన రాష్ట్ర ధాన్యంగా ప్రకటించింది.

ఇదంతా అత్తయ్యకి చెప్పాను. వరి పండే ఊరి మనిషి కదా, గింజ అరచేతిలో వేసుకుని గోటితో విరిచి చూశారు. "నీళ్ళలో నిలబడి పండేది ఏదైనా మన చుట్టమే" అన్నారు. కానీ సూపు మాత్రం రెండు చెంచాలే. క్రీము ఎక్కువ, కారం లేదు. పక్కింటావిడ మనసు నొప్పించకూడదని ఆ రెండు చెంచాలు.

చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, పెద్దవాళ్ళకి ఆకలి మందగించి రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నట్టు కనిపించినా, ముందు డాక్టరుకి చూపించాలి. వంటింటి వైద్యం తర్వాత. విజిటర్ ఇన్సూరెన్సుల్లో పాత జబ్బులకి చాలావరకు డబ్బు రాదని మీకు తెలుసు కాబట్టి, బీపీ మాత్రల చీటీలు, పాత రిపోర్టులు ఇండియా నుంచే తెప్పించి పెట్టుకుంటే అక్కడ మాట్లాడటం తేలికవుతుంది. మా అదృష్టం, రక్తపరీక్షల్లో భయపడాల్సింది ఏమీ రాలేదు. "నీళ్ళు తక్కువ తాగుతున్నారు. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు ఇవ్వండి" అంది డాక్టరమ్మ.

నీళ్ళు ఎందుకు తాగట్లేదని ఇంటికొచ్చి అడిగితే ఆవిడ సిగ్గుపడుతూ చెప్పారు. నీళ్ళు చల్లగా గొంతు దిగవు. తాగితే రాత్రి రెండుమూడు సార్లు లేవాలి. లేస్తే మేం మేలుకుంటామేమో అని. మూడు నెలలు ఒకే ఇంట్లో ఉండి నేను ఈ సంగతి అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఎక్కింది. మాకది వెచ్చని రోజు. ఎక్కడికైనా తీసుకెళదామని కోమో పార్కుకి బయలుదేరాం. సెయింట్ పాల్‌లో ఉండే వాళ్ళకి కోమో కన్సర్వేటరీ గురించి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. 1915లో తెరిచిన పెద్ద అద్దాల మేడ అది. మధ్యలో గుండ్రటి గుమ్మటం, దాని కింద తాటిజాతి చెట్లు, ఇటూ అటూ అద్దాల పొడుగు గదులు. లోపలికి టికెట్టు లేదు, తోచింది హుండీలో వేయొచ్చు. బయట మోకాలిలోతు మంచు ఉన్నా లోపల ఉక్క. చలికాలంలో ఊళ్ళోవాళ్ళు పుస్తకం పట్టుకుని వచ్చి అక్కడి బెంచీల మీద కూర్చుంటారు. ఎందుకో ఆ రోజు అర్థమైంది నాకు.

రెండో తలుపు తెరవగానే మా అందరి కళ్ళజోళ్ళు ఆవిరి కమ్మి తెల్లబడ్డాయి. అత్తయ్య జోడు తీసి తుడుచుకోకుండా అలాగే నిలబడ్డారు. గట్టిగా గాలి పీల్చారు. మళ్ళీ పీల్చారు. "మట్టివాసన అమ్మాయ్" అన్నారు.

కోటు విప్పారు. మఫ్లరు విప్పారు. చేతిగ్లవ్సులు మనవడి చేతికిచ్చారు. గుమ్మటం కింద బెంచీ మీద ముప్పావుగంట కూర్చున్నారు. తర్వాత వంటల్లో, మందుల్లో వాడే మొక్కలు పెంచే గదిలోకి వెళ్ళాం. అక్కడ అరటిచెట్టు ఆకుని చేత్తో తడమబోయి, బోర్డు చూపిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బయటికి వచ్చే ముందు, మామూలుగా, పెద్ద విశేషమేమీ కానట్టు, "బ్యాగులో తినడానికి ఏమన్నా ఉందా?" అని అడిగారు.

నా బ్యాగులో పిల్లాడి కోసం పెట్టుకున్న గ్రానోలా బార్ ఒక్కటే ఉంది. అది సగం తిన్నారు. మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

తర్వాత ఆలోచిస్తే అందులో మాయ ఏమీ లేదనిపించింది. నాలుక్కి తెలిసేది ఉప్పూ పులుపూ తీపీ చేదూ లాంటి నాలుగైదు రుచులే. మిగతాదంతా ముక్కు పని. జలుబు చేస్తే ఆవకాయ కూడా చప్పబడేది అందుకే కదా. ఇక్కడ చలికాలం బయటి గాలిలో తేమ ఉండదు. ఆ గాలినే ఇంట్లో హీటరు వేడి చేసేసరికి ఇంకా పొడి అయిపోతుంది. పెదాలు పగులుతాయి, దుప్పటి దులిపితే చిటపటమని నిప్పురవ్వలు వస్తాయి. ముక్కులో కూడా అదే ఎండ. గోదావరి జిల్లా కాలవ గాలి పీల్చిన ముక్కు, మూడు నెలలు మా హీటరు గాలి పీల్చింది.

కోమో నుంచి కొద్ది నిమిషాలు కారులో వెళితే, క్యాపిటల్ భవనానికి దగ్గరలో, కోమో అవెన్యూ మీదే మోంగ్‌టౌన్ మార్కెట్‌ప్లేస్ ఉంటుంది. ఒకప్పటి కలప అడితిలో 2004లో పెట్టిన మార్కెట్టు. మోంగ్ వాళ్ళు లావోస్ కొండల మనుషులు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా పక్షాన పోరాడి, 1975 తర్వాత అక్కడ ఉండలేక మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకి చేరి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు. ఎండ దేశం నుంచి వచ్చి ఈ మంచులో స్థిరపడ్డారు. ఇవాళ అమెరికా నగరాల్లో మోంగ్ వాళ్ళు బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో మా జంటనగరాలు ఒకటి.

లోపల మన రైతుబజారు, తీర్థంలో బట్టలకొట్లు, ఊరి హోటలు మూడూ కలిపినట్టు ఉంటుంది. కొత్తిమీర కట్టలు, పచ్చిమిరపకాయలు, చిన్న వంకాయలు, బొప్పాయికాయ సలాడు దంచుతున్న రోటి చప్పుడు. అత్తయ్య ఆ రోటి దగ్గర ఆగిపోయారు. ఇంకొంచెం ముందుకి వెళితే ఒక ముసలావిడ బల్ల మీద ఆకుల కట్టలు పెట్టుకుని కూర్చుంది. పక్కన మనవరాలు కాబోలు, పదిహేనేళ్ళ పిల్ల. కట్టల్లో రకరకాల ఆకులు, కాడలు కలిపి కట్టారు. అత్తయ్య ఒక కట్ట తీసి వాసన చూశారు. అందులో నిమ్మగడ్డి పట్టేశారు. "ఇది మన దొడ్లో బావి దగ్గర ఉండేదే" అన్నారు.

ముసలావిడ ఏదో అడిగింది. మనవరాలు ఇంగ్లీషులో నాకు చెప్పింది. "ఇంట్లో ఎవరికైనా బిడ్డ పుట్టిందా అని అడుగుతోంది." నేను తెలుగులో అత్తయ్యకి చెప్పాను. ఆ కట్టలు బాలింతల కోసమట. మోంగ్ ఇళ్ళల్లో కాన్పు అయ్యాక ముప్ఫై రోజులు తల్లికి ఈ ఆకులు వేసి ఉడికించిన కోడి సూపూ వేడి అన్నమూ పెడతారు. చల్లటి నీళ్ళు కూడా ముట్టనివ్వరు.

అత్తయ్య పెద్దగా నవ్వారు. జనవరి మొదలయ్యాక అదే మొదటి నవ్వు. "బిడ్డా లేదు, పాడూ లేదు. ఆకలి లేనిది నాకే అని చెప్పు" అన్నారు. నేను ఆ పిల్లకి చెప్పాను, ఆ పిల్ల ముసలావిడకి చెప్పింది. ఆవిడ అత్తయ్య చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. మనవరాలు కుదించి చెప్పింది, "వచ్చిన మొదటి చలికాలం తనకీ ఆకలి చచ్చిపోయిందట. వాళ్ళమ్మ బాలింతకి పెట్టినట్టు పెట్టిందట, గిన్నెడు గిన్నెడు."

కారులో కూర్చున్నాక అత్తయ్య మా పద్ధతులన్నీ ఏకరువు పెట్టారు. కాయం, వెల్లుల్లి, మిరియాల చారు, కాగి చల్లారిన నీళ్ళు, చల్లగాలి తగలకుండా చెవులకి గుడ్డ. "వాళ్ళూ మనమూ ఒకటే అమ్మాయ్. ఒంట్లో బలం లేనప్పుడు కంచం పెట్టరు, గిన్నె పెడతారు" అన్నారు. తెలియని ఆకులు, పైగా బీపీ మాత్రలు వేసుకునే మనిషి కాబట్టి ఆ బాలింత కట్ట కొనలేదు. నిమ్మగడ్డి, అల్లం, కొత్తిమీర మాత్రం తెచ్చుకున్నాం. "ఇవాళ నేను పెసరకట్టు కాస్తాను" అన్నారు.

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి నేను వంటింట్లోకి రానివ్వలేదు. గౌరవంతోనే. "మీరు కూర్చోండి అత్తయ్యా, నలభై ఏళ్ళు వండారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అనేదాన్ని. ఆ గాజు పొయ్యి ఎక్కడ కాలుతుందో తెలియక చెయ్యి కాల్చుకుంటారని భయం కూడా. నలభై ఏళ్ళు మావయ్యగారి భోజనం వేళకి గడియారంలా తిరిగిన మనిషి, వండటానికి ఎవరూ లేక, చేయడానికి ఏమీ లేక కూర్చున్నారని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం ఆవిడ పొయ్యి దగ్గర, నేను పక్కన. పెసరపప్పు వేయించారు. కమ్మటి వాసన మొదలైంది. చివర్లో నేతిలో జీలకర్ర, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు వేశారు. చుయ్‌మంది. నేను అలవాటుగా పైన ఫ్యాను మీట మీద చెయ్యి వేశాను. "ఎందుకమ్మా, ఉండనీ" అన్నారు. తర్వాత, తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నారు, "అబ్బ, ఇన్నాళ్ళకి మీ ఇంట్లో వంట వాసన వచ్చింది."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. మనందరి ఇళ్ళల్లో జరిగేదే నేనూ చేస్తున్నాను. వారానికి సరిపడా ఆదివారం వండుతాను. వండే ముందు కోట్ల అలమారా తలుపు గట్టిగా వేస్తాను, ఉన్ని కోటుకి పోపు వాసన పడితే వసంతం దాకా వదలదు. పడగ్గదుల తలుపులు మూస్తాను. అత్తయ్య గది తలుపు కింద టవలు కూడా పెడతాను, ఆవిడకి ఘాటు రాకూడదని. ఫ్యాను పెద్దదానిలో పెట్టి, ఇల్లంతా వాసన లేకుండా చేసి, డబ్బాల్లో సర్ది ఫ్రీజరులో పెట్టి, రోజూ మైక్రోవేవులో రెండు నిమిషాలు. మంచి వంటే. కానీ ఆవిడ ముందుకి వచ్చేసరికి, కంచం కనబడుతుంది తప్ప భోజనం వస్తోందన్న కబురు ముందుగా అందదు. పల్లెలో పక్కింటి పోపుకి కూడా ఆకలి వేసే మనిషికి, నేను మూడు నెలలు ఆ కబురు మూసేశాను. ఆఫీసులో నా కోటు ఎవరు వాసన చూస్తారోనన్న భయంతో.

మా వాడు మేడ మీద నుంచి దిగొచ్చి, "నానమ్మా, ఏంటి చేస్తున్నావ్?" అన్నాడు. అత్తయ్య స్టీలు గ్లాసులో సగానికి పోసుకుని, రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ తాగారు. మళ్ళీ సగం పోసుకున్నారు.

ఆ పెసరకట్టు ఎలాగో చెబుతాను. ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది.

పావు కప్పు పెసరపప్పు పొడిగానే సన్నసెగ మీద వేయించాలి. ఎర్రబడక్కర్లేదు, వాసన వస్తే చాలు. ఈ పని మానకండి, కమ్మదనమంతా ఇక్కడే. కడిగి, మూడు కప్పుల నీళ్ళు, చిటికెడు పసుపు, అంగుళం అల్లం ముక్క చితక్కొట్టి, నిమ్మగడ్డి కాడ ఒకటి ముడివేసి వేయాలి. నిమ్మగడ్డి దొరక్కపోతే లేకుండానే చేసుకోవచ్చు, మన పెసరకట్టులో అది మామూలుగా ఉండదు. పప్పు పూర్తిగా మెత్తబడేదాకా ఉడకనివ్వాలి. గిన్నెలో అయితే అరగంట పైన పడుతుంది, కుక్కర్లో అయితే మూడు నాలుగు కూతలు. అల్లం, నిమ్మగడ్డి తీసేసి, పప్పు గరిటెతో మెదిపి, ఒక కప్పు వేడినీళ్ళు పోసి పలచన చేయాలి. తాగేటట్టు ఉండాలి, జారుకూరలా ఉండకూడదు.

అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తటి పొడి వేస్తే గొంతులో పట్టుకుంటుంది. చెంచా నెయ్యి వేడి చేసి, నాలుగు జీలకర్ర గింజలు, చిటికెడు ఇంగువ, కరివేపాకు, దంచిన ముద్ద వేసి, వెల్లుల్లి పచ్చివాసన పోగానే కట్టులో కలిపి ఒక్క పొంగు రానివ్వాలి. ఉప్పు చివర్లో, బీపీ ఉన్నవాళ్ళకి మామూలుకన్నా తక్కువగా. దింపాక నిమ్మకాయ పిండుకుంటే ఉప్పు తక్కువైన సంగతి తెలియదు. చింతపండు వద్దు, నీరసంగా ఉన్న కడుపుకి అంత పులుపు బరువు. కొత్తిమీర ఉంటే సరి.

మొదటి రెండు రోజులు ఉట్టి కట్టే ఇచ్చాను, మూడు గంటలకి ఒకసారి అర గ్లాసు. "తింటారా?" అని అడగలేదు. అడిగితే "వద్దు" అనడం తేలిక. గ్లాసు చేతికిచ్చి పక్కన నేనూ ఒకటి పట్టుకుని కూర్చునేదాన్ని. మూడో రోజు అందులో రెండు చెంచాల మెత్తటి అన్నం మెదిపి కలిపాం. వారం తర్వాత ఆవిడే పక్కింటావిడ ఇచ్చిన వైల్డ్ రైస్ గుర్తుచేసి, "ఆ నల్లగింజలు వేసి చూద్దాం" అన్నారు. అవి ఉడకడానికి ముప్పావుగంట పైనే పడుతుంది కాబట్టి విడిగా ఉడికించి, విచ్చుకున్నాక కట్టులో వేశాం. పెసరకట్టులో మిన్నెసోటా గింజలు. ఒక గిన్నె పక్కింటికి పంపాం. ఆవిడ గిన్నె కడిగి, రెసిపీ అడుగుతూ చీటీ పెట్టి పంపింది.

కట్టు ఒక్కటే అత్తయ్యని నిలబెట్టిందని చెప్పను. గదిలో హ్యూమిడిఫయరు పెట్టాం. ఫ్లాస్కులో వేడినీళ్ళు మంచం పక్కన ఉంచాం. రాత్రి దారిలో చిన్న దీపం వెలుగుతూనే ఉండేది, ఎన్నిసార్లు లేచినా మాకు మెలకువ రాదని మా ఆయన నాలుగుసార్లు చెప్పారు. రెండు వారాలకోసారి కోమోకి వెళ్ళాం. గాజు పొయ్యి మీటలకి తెలుగులో అంకెలు రాసి అతికించాను. మధ్యాహ్నం ఒక్క వంట ఆవిడది. ఆదివారం డబ్బాలు ఇప్పటికీ ఉన్నాయి, ఉద్యోగం చేసే ఇంట్లో తప్పదు. కానీ రోజూ సాయంత్రం ఒక్క పోపు అప్పటికప్పుడు పెట్టడం మొదలుపెట్టాను, ఫ్యాను వేయకుండా, తలుపులు తెరిచి.

మార్చి చివరికి గాజులు మళ్ళీ చేతికి నిలిచాయి. ఒకరోజు పప్పుచారు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంగువ కొంచెం ఎక్కువైంది" అన్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నా వంటకి ఆవిడ వంక పెట్టడం అదే మొదటిసారి. వంక పెట్టేంత రుచి తెలిసిందని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఏప్రిల్ చివర్లో చెరువుల మీద మంచు కరిగాక ఆవిడ వెళ్ళిపోయారు. ఊళ్ళో ఇంటి వెనకాల బావి దగ్గర నిమ్మగడ్డి దుబ్బు ఇంకా ఉందట. ఇప్పుడు జనవరిలో ఎప్పుడు ఫోన్ చేసినా మొదట చలి ఎంత అని అడుగుతారు, తర్వాత కట్టు కాచావా అని. కాచాననే చెబుతాను. నా నల్ల ఉన్ని కోటు అలమారాలో వేలాడుతూ ఉంటుంది. దానికి వెల్లుల్లి, జీలకర్ర వాసన పట్టేసింది. ఈ ఏడాది కూడా డ్రైక్లీనింగుకి వసంతంలోనే ఇస్తాను.